చదివి వినిపించిన తేదీ

గంజి పెట్టి ఎండలో ఆరేసిన నూలు చీరకు ఒక వాసన ఉంటుంది. అన్నం వాసన కాదు, సబ్బు వాసన కాదు. రెంటికీ మధ్య ఎక్కడో పొడిగా, కాస్త వేడిగా ఉంటుంది. మొన్న శనివారం బాపట్ల నుంచి రేపల్లె వస్తుంటే బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. ఆవిడ కొంగు నా మోచేతికి గరగరా తగిలి ఆ వాసన వచ్చింది. చెరుకుపల్లి వచ్చేదాకా ఒళ్లో ఉన్న పుస్తకంలో పేజీ తిప్పలేదు నేను. ఎప్పుడూ అలాంటి చీరలే కట్టే కారెన్ అమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి రెండేళ్లు దాటింది. ఆవిడ గురించి రాయాలని అంతకుముందు కూడా చాలాసార్లు కూర్చున్నాను. రాయాలంటే నేను చేసిన ఒక పని కూడా రాయాలి. అందుకే ప్రతిసారీ లేచిపోయేదాన్ని.

ఆవిడది డెన్మార్క్. పాతికేళ్లు నిండకముందే రేపల్లె దగ్గర ఒక మిషన్ ఆసుపత్రికి నర్సుగా వచ్చి, నలభై ఏళ్లకు పైగా ఇక్కడే ఉండిపోయారు. చుట్టుపక్కల లంకల్లో, నిజాంపట్నం వైపు జాలర్ల పల్లెల్లో ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. నేనూ అలా పుట్టినదాన్నే. పెద్దవాళ్లు దొరసానమ్మ అనేవాళ్లు, మేము అమ్మగారు అనేవాళ్లం. ఆరడుగుల మనిషి. మామూలు చీర కడితే చీలమండలు బయటికి కనిపించేవి. బజారులో దర్జీ కొట్టు పెట్టుకున్న మా అబ్బా, ఆవిడ చీరల అడుగున ఇంకో జానెడు గుడ్డ అతికి కుట్టి ఇచ్చేవారు. తెలుగు ఆవిడ బైబిలు ముందు పెట్టుకుని నేర్చుకున్నారు. కూరగాయల దగ్గర బేరమాడేటప్పుడు మాలాగే మాట్లాడేవారు కానీ, కోపం వస్తే మాత్రం ఆ పాత తెలుగు బయటికి వచ్చేది. "నీవు నన్ను మోసపుచ్చుచున్నావు" అని ఆవిడ అంటే రిక్షా అతను నవ్వు ఆపుకోలేక సరైన బాడుగే తీసుకుని వెళ్లిపోయేవాడు.

ఆసుపత్రి మూతపడ్డాక వెనకాల ఉన్న రెండు గదుల క్వార్టరులో ఒక్కరే ఉండేవారు. చూపు మధ్యలో మసక కమ్మింది. మనిషి అంచులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. అక్షరం అసలే కనిపించదు. నేను తెనాలిలో డిగ్రీ ముగించి ఇంట్లో కూర్చుని ఉన్న రోజులవి. నలుగురిలో నాకు నోరు పెగలదు. పుస్తకాలు, డైరీ, డాబా మీద ఒక మూల, అంతే నా లోకం. ఒకరోజు అబ్బా కొట్టు నుంచి వచ్చి, "అమ్మగారికి చదివిపెట్టే మనిషి కావాలంటమ్మా. నువ్వేం మాట్లాడక్కర్లేదు, కాగితంలో ఉన్నది చదివితే చాలు" అన్నారు. అలా వెళ్లాను. వారానికి నాలుగు రోజులు, మధ్యాహ్నం పూట.

ప్రతి ఏడూ డిసెంబరులో ఆవిడ తమ ఊరి చర్చికి ఒక పెద్ద ఉత్తరం రాసేవారు. ఆవిడను ఇక్కడికి పంపినవాళ్లు వాళ్లే. ఈ దేశంలో తాను చూసిన మంచి, చూసిన చెడు వాళ్లకు చెప్పడం తన పనుల్లో ఒకటి అనుకునేవారు. పాత ఉత్తరాల కార్బన్ కాపీలు ఇనప్పెట్టెలో ఉండేవి. ఇంగ్లీషులో రాసినవి నాచేత చదివించుకునేవారు. మొదటి ఏళ్ల ఉత్తరాల్లో లంచం అన్న మాట లేని పేజీ లేదు. కరెంటు మనిషి, పోస్టు మనిషి, మందుల పెట్టె రేపల్లె స్టేషన్‌లో దించిన మనిషి, అందరూ చేయి చాపినవాళ్లే. నాకు మనవాళ్ల గురించి ఎవరో బయటివాళ్లు చాడీలు చెబుతున్నట్టు ఉండేది. గొంతు తగ్గించి చదివేదాన్ని. "ఏంటి, సిగ్గేస్తోందా?" అని అడిగేవారు ఆవిడ. "నాకూ సిగ్గుగానే ఉంది. చదువు."

ఒకసారి ఒకే వారంలో రాసిన రెండు ఉత్తరాలు దొరికాయి. ఏదో తుఫాను తర్వాత రాసినవి. మొదటిదాంట్లో, నిజాంపట్నం దగ్గర ఒక జాలరి తన పడవలో రెండు రోజులు నిద్ర లేకుండా తిరిగి, పీకల్లోతు నీళ్లలోంచి బాలింతలను, ముసలివాళ్లను ఆసుపత్రికి చేర్చిన సంగతి ఉంది. అలాంటి మనిషిని తన దేశంలో చూడలేదని రాశారు. రెండోదాంట్లో, ఆసుపత్రికి వచ్చిన సహాయపు దుప్పట్లను ఒకడు మూటగట్టి రేపల్లె బజారులో అమ్ముకున్నాడని ఉంది. వీళ్ల గుండె ఇంత రాయా అని రాశారు.

"ఆ ఇద్దరూ ఒకడే" అన్నారు ఆవిడ.

నాకు అర్థం కాలేదు.

"పడవ నడిపినవాడే దుప్పట్లు అమ్మాడు. అమ్మి, పోయిన వల కొనుక్కున్నాడు."

"మరి ఏ ఉత్తరం పంపారండీ?"

"రెండూ పంపాను. వేరువేరు కవర్లలో. అక్కడివాళ్లు ఇద్దరు మనుషులనుకున్నారు. ఒకడికోసం దేవుడికి కృతజ్ఞత చెప్పారు, ఇంకొకడు మారాలని ప్రార్థన చేశారు. ఒకడేనని నేను ఎప్పుడూ రాయలేదు. రాస్తే వాళ్లకు అర్థం కాదనుకున్నాను. నాకే అర్థం కాలేదు."

తమ ఊరి గురించి కూడా చెప్పేవారు. అక్కడ రైతులు రోడ్డు పక్కన బల్ల మీద బంగాళాదుంపల సంచులు పెట్టి వెళ్లిపోతారట. కావలసినవాళ్లు సంచి తీసుకుని, పక్కన ఉన్న డబ్బాలో డబ్బు వేసి పోతారట. కాపలా ఎవరూ ఉండరట. మా అమ్మీ ఒకరోజు సేమ్యా గిన్నె పట్టుకుని వచ్చి ఈ మాట విని చాలాసేపు ఆలోచించింది.

"మంచిదే గానీ అమ్మగారూ, ఆ రైతుకి జ్వరం వస్తే సంచి తీసుకుపోయినోళ్లకి తెలుస్తదా?"

"తెలియదు."

"మనిషే కనబడకపోతే ఇంకేం బేరమమ్మా అది" అని అమ్మీ గిన్నె మూత తీసింది. అమ్మగారు పకపకా నవ్వారు. ఆ ఏడు ఉత్తరంలో మా అమ్మీ మాట కూడా చేర్చించారు.

ఆ మరుసటి ఏడు బాపట్లలో ఒక బడిలో లైబ్రేరియన్ ఉద్యోగానికి ప్రకటన పడింది. అది నాకోసమే పడిందనిపించింది. పుస్తకాల మధ్య కూర్చోవచ్చు, ఎక్కువ మాట్లాడక్కర్లేదు, నా జీతం నాకు ఉంటుంది. అడిగిన కాగితాలన్నీ ఉన్నాయి, పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఒక్కటే లేదు. నా పుట్టుకను అప్పట్లో ఎవరూ నమోదు చేయించలేదు. పైగా నా పదో తరగతి సర్టిఫికెట్‌లో జూన్ ఒకటి అని ఉంది. నన్ను బళ్లో వేసినప్పుడు హెడ్మాస్టరుగారు వేసిన తేదీ అది. ఏడాది వృథా కాకూడదని ఆయన వయసు చాలని పిల్లలందరికీ జూన్ ఒకటే వేసేవారు. మా తరగతిలో సగం మంది ఆ రోజునే పుట్టాం. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఫీజు కట్టలేని పిల్లలకు తన జేబులోంచి కట్టిన మనిషి ఆయన. ఇప్పుడు రెండు కాగితాల్లో తేదీ కలవకపోతే దరఖాస్తు పక్కన పడేస్తారు. ఆసుపత్రి నుంచి జూన్ ఒకటి అని ఒక్క చీటీ వస్తే, దాన్నిబట్టి తెనాలి ఆర్డీవో ఆఫీసులో సర్టిఫికెట్ ఇస్తారు, అన్నీ కలిసిపోతాయి. ఆసుపత్రి లేదు. దాని రిజిస్టర్లు అమ్మగారి దగ్గర ఉన్నాయి.

అబ్బా కొత్త జాకెట్లు ఇచ్చే నెపంతో వచ్చి అడిగారు. "ఒక్క ముక్కండి అమ్మగారూ. పిల్ల బతుకు నిలబడుతుంది."

అమ్మగారు నాచేత రిజిస్టరు తీయించారు. మా అమ్మీ పేరు దొరికేదాకా పేజీలు తిప్పించి, చదవమన్నారు. నవంబరు తొమ్మిది, తెల్లవారుజాము, ఆడపిల్ల, అయిదు పౌన్లు. పక్కన ఆవిడ సొంత చేతిరాతలో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది: తండ్రి బయట వానలో నిలబడి ఉన్నాడు, లోపలికి రమ్మన్నా రావడం లేదు. అబ్బా తల వంచుకున్నారు. "అవునండి. కుండపోత" అన్నారు.

"నేను జూన్ అని రాస్తే, ఆ వానలో నిలబడ్డ మనిషి ఎవరు ఖాదర్ భాయ్? జూన్ ఒకటిన ఇక్కడ అంత వాన ఎక్కడిది?" రిజిస్టరు మూయించి, "అబద్ధము నేను వ్రాయనేరను" అన్నారు. ఆ తెలుగు వచ్చిందంటే ఇక మాట్లాడి లాభం లేదని మాకు తెలుసు. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. "నిజం రాసిస్తాను. నేనే తెనాలి వచ్చి ఆఫీసులో అడుగుతాను. జరిగింది చెబితే దారి చూపించేవాడు ఒక్కడైనా ఉండడా?"

తెనాలి ఆఫీసులో అడుగు పెట్టగానే ఆవిడను చూసి ముగ్గురు లేచి నిలబడ్డారు. ఎవరో కుర్చీ వేశారు, ఎవరో ఫ్యాను తిప్పారు. మా కాగితం చూడాల్సిన గుమాస్తా బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాడు. ముప్ఫై అయిదు దాటిన మనిషి, పేరు కోటేశ్వరరావు.

"నన్ను గుర్తుపట్టలేదాండి? మాది లంకలో. మా అమ్మకి కవలలం. రెండోవాణ్ణి నేను. కాళ్లు ముందు పెట్టానంట గదండీ, మీరు రాత్రంతా కూర్చున్నారంట."

"నువ్వా. చాలా ఇబ్బంది పెట్టావు" అన్నారు అమ్మగారు. అందరూ నవ్వారు. ఆవిడ తన చీటీ ఇచ్చి, బడిలో ఏం జరిగిందో, అసలు తేదీ ఏదో అంతా చెప్పారు. ఈ పనికి ఎవరికీ ఏమీ ఇవ్వబోనని కూడా చెప్పారు. అతను చెవులు మూసుకున్నాడు. "మీ దగ్గర తీసుకుంటే ఈ చేతులు పడిపోతాయండి. సాయంత్రం దాకా కూర్చోండి. కాగితం చేతిలో పెట్టే పంపిస్తాను."

నెలలు పడుతుందన్న పని నాలుగున్నరకు అయిపోయింది. అమ్మగారిని ఆటో ఎక్కించాక అతను నన్ను మెట్ల దగ్గర ఆపి కవరు ఇచ్చాడు. గొంతు తగ్గించాడు. "చెల్లెమ్మా, బడి తేదీయే వేశాను. నవంబరు అని వేస్తే నీ దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతది. ఆవిడ పాతకాలపు మనిషి, అర్థం చేసుకోదు. చెప్పకు." అతని ముఖంలో ఎంత సంతోషమో. గురువుకు పండు ఇచ్చినవాడి ముఖంలా ఉంది. నేను తల ఊపాను.

బస్సు జంపని దాటాక అమ్మగారు అడిగారు. "రజియా, కాగితం తీసి చదువు. ఏ తేదీ వేశారు?"

కవరు విప్పాను. జూన్ ఒకటి అని ఉంది. ఆవిడ ముఖం నా వైపు తిరిగి ఉంది, చూపు మాత్రం నా చెవి పక్కగా ఎక్కడో ఉంది. "నవంబరు తొమ్మిది" అని చదివాను. నా గొంతు వణకలేదు. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఎవరైనా పేరు అడిగితే తడబడే నేను, ఆ రెండు మాటలు స్పష్టంగా, కాగితం మీద అలాగే ఉన్నట్టు చదివాను. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి, రేపల్లె వచ్చేదాకా తియ్యలేదు.

ఆ ఏడు ఉత్తరం ఆవిడకు ఆఖరిది. చూపు ఇంకా తగ్గింది. మేనల్లుడు వచ్చి తమ దేశానికి తీసుకుపోతానని పట్టుబట్టాడు. అందుకే ఆ ఉత్తరంలో ఇన్నేళ్ల మంచీ చెడూ అంతా ఒక్కచోట చెప్పాలనుకున్నారు. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే నేను టైప్ చేశాను. చివరికి వచ్చేసరికి కోటేశ్వరరావు ప్రస్తావన వచ్చింది. ఆవిడ చెప్పిన దాని తెలుగు ఇది: "ఈ దేశంలో నేను ఎదురుచూసిన మనిషిని వెళ్లిపోయే ముందు చూశాను. ఒక చిన్న గుమాస్తా, ఏమీ ఆశించకుండా, నిజాన్ని నిజంగా రాసి ఇచ్చాడు. ఇక నేను నిశ్చింతగా రాగలను." టైప్ చేశాను. రేపు పంపుదాం అన్నాను. మర్నాడు కరెంటు లేదన్నాను. ఆ తర్వాతి రోజు నెట్ రావడం లేదన్నాను. డైరీ తెరిస్తే పైన తేదీ వేయడానికే చెయ్యి రాలేదు. ఆ వారం నా డైరీలో పేజీలు ఖాళీగా ఉన్నాయి.

నాలుగో రోజు ఆవిడ టీ తాగుతుండగా చెప్పేశాను. "అమ్మగారూ, ఆ కాగితం మీద జూన్ ఒకటి అని ఉందండి."

ఆవిడ కప్పు చప్పుడు కాకుండా సాసరు మీద పెట్టారు. "కోటేశ్వరరావు నీకు చెప్పాడా?"

"చెప్పారండి. మీకు చెప్పొద్దన్నారు."

"బస్సులో నువ్వు నవంబరు అని చదివావు."

"చదివానండి."

"ఇప్పుడు ఎందుకు చెప్పావు? నాకు తెలిసే దారి లేదు కదా."

"ఉత్తరంలో ఆ వాక్యం ఉందండి. అక్కడ అందరూ చదువుతారు."

"అలాగా. మా ఊరివాళ్లకు అబద్ధం చెప్పలేకపోయావు. నాకు చెప్పగలిగావు."

అందులో కోపం లేదు. కోపం ఉంటే పాత తెలుగు వచ్చేది. నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. "మీ దేశంలో అబద్ధం ఎక్కడుందో నలభై ఏళ్లు వెతికాను. ఆఫీసుల్లో వెతికాను, బజారులో వెతికాను. నా మీద ప్రేమ ఉన్నచోట వెతకలేదు" అన్నారు. తర్వాత కంప్యూటర్ తెరవమన్నారు. "ఆ పేరా తీసెయ్. మళ్లీ చెబుతాను. ఈసారి ఒక్క కవరే."

కొత్త పేరా ఇలా ఉంది: "ఒక గుమాస్తా నా మీద ప్రేమతో తప్పుడు తేదీ వేశాడు. పైసా తీసుకోలేదు. నా కళ్లు కనిపించవు కాబట్టి ఒక అమ్మాయి ఆ తేదీని నాకు మార్చి చదివింది. తర్వాత తానే వచ్చి చెప్పింది. ఈ ఉత్తరం టైప్ చేస్తున్నది ఆ అమ్మాయే. వీళ్లలో ఎవరు చెడ్డవాళ్లో నన్ను అడగకండి, నేను చెప్పలేను. ఇద్దరూ నా చేతుల్లో పుట్టినవాళ్లు. నిజం దాచి నన్ను సంతోషపెట్టాలని వాళ్లకు అనిపించిందంటే, ఇన్నేళ్లూ నేను వాళ్లకు ఎలా కనిపించానో అని ఆలోచిస్తున్నాను." నా గురించిన వాక్యాలు నా వేళ్లతోనే కొట్టాను. ఒక్క అక్షరం మార్చకుండా ఆవిడకు చదివి వినిపించి, ఆవిడ ముందే పంపాను.

ఆ రోజు నేను ఇంటికి వెళ్లే ముందు అడిగాను. "ఆ సర్టిఫికెట్ ఏం చేయమంటారండీ?"

"నన్ను అడగకు. నేను చెబితే నాకోసం చేస్తావు. అతను చేసినట్టే."

రెండు రోజులు ఆలోచించాను. దరఖాస్తుతో పాటు ఆ సర్టిఫికెట్‌నే పంపాను. ఆ ఉద్యోగమే ఇప్పుడు చేస్తున్నాను. ఇది దాచి ఆవిడ గురించి రాస్తే అది ఆవిడ గురించి రాసినట్టు కాదు. పంపిన రోజే వెళ్లి చెప్పాను. ఆవిడ బాధపడ్డారు, బాధపడ్డట్టు కనిపించనిచ్చారు. తర్వాత, "సరే, పేపరు చదువు" అన్నారు. ఇక నేను చదివేది ఆవిడ నమ్మరేమో అని భయపడ్డాను. ఆవిడ ఎప్పటిలాగే కళ్లు మూసుకుని విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా, నిజంగా అలాగే ఉందా అని అడగలేదు.

ఆవిడ రేపల్లె స్టేషన్‌లో రైలెక్కిన రోజు ప్లాట్‌ఫాం నిండా జనం. కోటేశ్వరరావు కూడా తెనాలి నుంచి వచ్చాడు. అమ్మగారు అతని తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు వేసిన తేదీ నాకు తెలుసు" అన్నారు. అతను నా వైపు చూడలేదు. "మీకోసమేనండి" అన్నాడు. "తెలుసు. ఇంకెప్పుడూ ఎవరికోసమూ చేయకు. నాకోసం కూడా." అతను కళ్లు తుడుచుకుని పెట్టె అందుకుని లోపల పెట్టాడు. ఆ తర్వాత అతను ఎలా ఉన్నాడో నాకు తెలియదు.

మా బడిలో ఊడ్చే చంద్రమ్మ పెద్దమ్మకు చదువు రాదు. ఆవిడే కాదు, చాలామంది నా బల్ల దగ్గరికి కాగితాలు తెస్తారు. బ్యాంకువి, కోర్టువి, ఆసుపత్రివి. నేను పెద్దగా మాట్లాడను కాబట్టి ఎవరికీ చెప్పనని వాళ్ల నమ్మకం. కాగితం అందుకున్న ప్రతిసారీ, అందులో లేనిదాన్ని ఎంత తేలిగ్గా చదవగలనో నాకు తెలుసు. మొన్న సోమవారం పెద్దమ్మ కొంగులోంచి గుంటూరు ఆసుపత్రి కాగితం తీసింది. "ఆపరేషన్ అక్కర్లేదని రాశారు గదమ్మా?" అంది, అవునని నేను అనాలని నా ముఖంలోకి చూస్తూ. మొత్తం ఒకసారి లోపల చదువుకున్నాను. తర్వాత పైకి, మొదటి నుంచి, ఉన్నది ఉన్నట్టు చదివాను.

ఆవిడ బల్ల అంచు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. "ఎప్పుడు రమ్మన్నారు?"

"గురువారం."

"గురువారం నీకు బడి ఉంటది గదా, లేకపోతే..." అని ఆగిపోయింది.

"సెలవు పెడతాను పెద్దమ్మా" అన్నాను.